నోరు విప్పని తాళంకప్ప

రంగూన్ వానల్లో తాళంకప్ప కొనడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. జ్యేష్ఠంలో కొంటే ఆషాఢానికి తుప్పు, శ్రావణానికి మూగనోము. తాళంచెవి దూరదు, దూరితే తిరగదు, తిరిగితే బయటికి రాదు. కొబ్బరినూనె పొయ్యాలి. తలకి లేని నూనె తాళానికి పోస్తూంటే ఏ ఇల్లాలికి మాత్రం ఒళ్ళు మండదు? పైగా ఏ ఇంట్లో చూసినా మొలని వేలాడే గుత్తిలో సగం చెవులు దేనివో ఎవరికీ తెలీదు. పారేద్దామంటే, పారేసిన మర్నాడే దాని పెట్టె బయటపడుతుందని భయం.

ఈ బాధలన్నీ పడలేకే వెంకటరాజు అసలు చెవే లేని తాళం కొన్నాడు. ఆ తాళమే ఇప్పుడు తలుపుకి బయట వేలాడుతోంది. లోపల ఆయన భార్య సూర్యావతి ఉంది. బయట పక్కవాటా నరసమ్మ ఉంది. కింద వీధిలో నరసమ్మ సామాను వేసుకున్న గుర్రబ్బండి ఉంది. రేవులో విశాఖపట్నం పోయే స్టీమరు ఉంది. ఉండాల్సిన మనిషి వెంకటరాజు మాత్రం అహ్లోన్ బియ్యపు మిల్లు ఆఫీసులో హెడ్డు గుమాస్తా కుర్చీలో ఉన్నాడని అందరి నమ్మకం.

"అమ్మీ, నానెల్లిపోతన్నాను. బండొచ్చీసింది," అంది నరసమ్మ తలుపు సందులోంచి.

"తెలుసప్పా," అంది సూర్యావతి. వాళ్ళ వైపు అప్ప అంటే అక్క.

"తెలిస్తే తలుపు తియ్యవేటి?"

"లోపలి గడియలన్నీ తీసీసేను. బయట కప్ప ఉంది కదా."

"ఎల్లొస్తానని ఒక మనిసి గుమ్మంలో నిలబడతాదని తెలిసి కూడా కప్పేసీసి పోనాడా నీ మొగుడు?"

"మర్చిపోయుంటారు."

"కప్ప ఎయ్యడం మాత్రం మర్సిపోడు!"

అది నిజం. కప్ప వెయ్యడం వెంకటరాజు ఎన్నడూ మర్చిపోలేదు. వేశానో లేదో మర్చిపోయి ట్రాము దిగి వెనక్కి వచ్చి చూసుకున్న రోజులు మాత్రం ఉన్నాయి.

తలుపు రెండు రెక్కలది. లోపలి నుంచి గట్టిగా లాగిపడితే మధ్యన రెండు వేళ్ళ సందు వస్తుంది. ఆ సందులోంచి ఒక కన్ను, అర బొట్టు, ముక్కుపుడకలో ఒక రాయి కనిపిస్తాయి. ఈ కప్ప వచ్చిన దగ్గర్నుంచీ సూర్యావతికి నరసమ్మంటే అంతే. కాస్త పక్కకి జరిగితే రెండో కన్ను వస్తుంది, కానీ మొదటిది పోతుంది. ఒక్క మనిషిని ముక్కలు ముక్కలుగా చూసి మనసులో అతుకు పెట్టుకోవాలి.

"అప్పా, కొంచెం వెనక్కి జరుగు."

"ఎందుకు?"

"ముఖం మొత్తం కనిపిస్తాదేమోనని."

నరసమ్మ వెనక్కి జరిగింది. మెట్ల దగ్గర చీకటి. ఉన్న ఒక్క కన్ను కూడా పోయింది.

"ఇప్పుడు?"

"లేదు. మళ్ళీ రా."

ఈ రంగూన్ మహాపట్నంలో ఎన్ని లక్షల మంది ఉన్నారో ప్రభుత్వం వారు లెక్కపెట్టుకుంటారు. సూర్యావతి లెక్క వేరు. మొగుడు కాకుండా తనతో తెలుగులో కష్టసుఖం మాట్లాడే మనిషి ఆమెకి ఒక్కర్తే. ఆ ఒక్కర్తీ ఇవాళ స్టీమరెక్కి పోతోంది. నరసమ్మ మొగుడు దేముడికి మిల్లులో బస్తా పడి నడుం పోయింది. ఇక ఈ దేశంలో పని లేదు. మళ్ళీ తిరిగి రావడమన్నది లేదు.

అందుకని సూర్యావతి ఇవాళ కోరిన కోరిక పెద్దదేం కాదు. నరసమ్మ ముఖం ఒక్కసారి, తన రెండు కళ్ళతో, ఆవిడ రెండు కళ్ళూ ఒకేసారి కనబడేలా చూడాలి. ఆవిడ చేత బొట్టు పెట్టించుకోవాలి. కుదిరితే రేవు దాకా వెళ్ళాలి. కుదరకపోతే కిందనున్న బండి దాకా.

వెంకటరాజుది చెడ్డబుద్ధి అని మాత్రం అనుకోకండి. ఆయనది జాగ్రత్త. జాగ్రత్తకి మందు లేదు. శనివారం సగంపూట ఆఫీసు అవగానే ఇనపసామాను కొట్లమ్మట తిరుగుతాడు. కొట్టువాళ్ళని ఆయన అడిగే ప్రశ్నలకి వాళ్ళు మంచినీళ్ళు తాగుతారు. దొంగ ముందు తలుపు చూస్తాడా, కిటికీ చూస్తాడా? కుక్క మేలా, గంట మేలా? గంటైతే మోగాక దొంగ పారిపోతాడా, లేక మోగింది కదా అని తొందరగా పని ముగించుకుంటాడా? ఇలా అడిగి అడిగి, కొట్టువాడు విసిగి ఏది చేతికిస్తే అది కొనుక్కుని వస్తాడు.

"ఇంట్లో ఏటుందని ఇన్నేసి కొంటున్నారు?" అని ఒకసారి సూర్యావతి అడిగింది.

"నువ్వున్నావు కదా," అన్నాడు వెంకటరాజు.

ఆ మాటకి ఆమె ఒక పూటంతా సంతోషపడింది. రెండో పూటకి, ఇత్తడి బిందెలూ అలారం గడియారమూ ఉన్న జాబితాలో తనెక్కడుందో తెలిసొచ్చింది.

మొదట్లో ఆయన పోలీసు ఈల ఒకటి తెచ్చిచ్చాడు. దొంగ వస్తే ఊదమన్నాడు. దొంగ రాలేదు. ఎవరూ రాలేదు. ఒక మధ్యాహ్నం సూర్యావతి ఊరికే ఊదింది. మేడంతా కర్రలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. సూర్యావతి తలుపు తీసి, "ఎవరూ లేరు. ఇవాళ మీరేం కూర వండేరు?" అని అడిగింది. వచ్చినవాళ్ళలో సగం మందికి తెలుగు రాదు, తెలుగొచ్చినవాళ్ళకి జవాబు తోచలేదు. ఈలని వెంకటరాజు వెనక్కి తీసేసుకున్నాడు. దాని బదులు ఈ కప్ప వచ్చింది.

మెట్ల మీద దగ్గు వినిపించింది. దేముడు నడుం పట్టుకుని పైకెక్కుతున్నాడు.

"ఏటే, సెప్పీసి రమ్మంటే ఇక్కడే కాపరం పెట్టేసినావా? బండోడు అరుస్తన్నాడు."

"తలుపు రాదంట."

"రాదా? రాకేటి, రప్పిద్దుం." దేముడు మెట్టు కింద పడున్న రాయి తెచ్చి కప్పని రెండు దెబ్బలు వేశాడు. కప్ప కిమ్మనలేదు. దేముడి నడుం అంది. "ఓలమ్మో!" అని అక్కడే చతికిలపడ్డాడు. "ఇదేటి కప్పమ్మా, బండరాయి. దీనికి సెవెక్కడ?"

"చెవి లేదు బాబూ. అక్షరాలుంటాయి. నాలుగు చక్రాలు తిప్పి మాట కలిపితే దానంతటదే ఊడిపోతాది."

"ఏ అచ్చరాలు?"

"ఇంగ్లీషువి."

"నీకొచ్చా?"

"రావు."

"దీనికొచ్చా?" అన్నాడు నరసమ్మని చూపించి. నరసమ్మ చూసిన చూపుకి ప్రశ్న వెనక్కి తీసుకున్నాడు. "మరైతే మా సెయిన్ని పిలవండి. దానికి మిసనరీ బడి సదువుంది."

మా సెయిన్ది (ఈ మా మన మా కాదు, బర్మాలో ఆడవాళ్ళ పేరుకి ముందుండే ముక్క) కింద చుట్టల కొట్టు. బర్మా మనిషే గాని, పుట్టి పెరిగింది తెలుగు కూలీల వీధిలో. తిట్లు మూడు భాషల్లో వచ్చు, మంచిమాటలు రెండింటిలోనే. నరసమ్మని పెద్దరికంగా డా నరసమ్మ అంటుంది, సూర్యావతిని అక్కచెల్లెల్లా మా సూర్యా అంటుంది. పిలవగానే నోట్లో చుట్టతో వచ్చింది. కప్ప చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాలుగు చక్రాలు. మాట చెప్పు, తిప్పుతాను."

"వాళ్ళాయన పేరెట్టి సూడు," అంది నరసమ్మ. "పెద్ద పేరు, ఎంకటరాజు. పట్టదేమో?"

"వెంకట వద్దు. రాజు నాలుగే." మా సెయిన్ నెమ్మదిగా తిప్పింది. ఆర్, ఏ, జె, యు. లాగింది. కప్ప నోరు విప్పలేదు.

"అది కాదు," అంది సూర్యావతి లోపల్నుంచి.

బయట ముగ్గురూ ఒక్కసారి ఆగిపోయారు.

"ఏటి కాదు? మాటేటో నీకు తెలుసా?"

నరసమ్మ అరచేత్తో తలుపు మీద కొట్టింది.

"అమ్మీ, తెలుసా తెలీదా?"

"తెలుసప్పా."

"తెలిసి ఇందాకట్నుంచి రాళ్ళేయిస్తన్నావా మా ముసిలోడి సేత? సెప్పు బేగి!"

"చెప్పకూడదు."

ఇక్కడ వెంకటరాజు తెలివిని కొంచెం మెచ్చుకోవాలి. కప్ప బిగించిన రోజున భార్యని కూర్చోబెట్టి, "మాట నీకు చెప్పే వెళతాను. నిప్పంటుకుంటే పనికొస్తుంది. కానీ దొంగలు నీ పీక మీద కత్తి పెట్టినా నువ్వు పైకి అనలేని మాట పెట్టాను," అన్నాడు. అని, తన తెలివికి తనే నవ్వుకున్నాడు. ఆ మాట ఆయన పేరు. ఊరికి తెలిసిన పేరు కాదు, అసలు పేరు.

వెంకటరాజు గుమ్మం మీద ఇత్తడి రేకు ఉంది. దాని మీద జె. వెంకటరాజు అని చెక్కి ఉంటుంది. జె అంటే ఏమిటని అడిగితే ఇంటిపేరంటాడు. ఇంటిపేరు కాదు. ఆయన కన్నా ముందు పుట్టిన పిల్లలందరూ పోతే, ఆయన్ని కన్న తల్లి, వీధిలోకొచ్చిన జోగి జోలెలో పసివాణ్ణి వేసి, చారెడు బియ్యమిచ్చి తిరిగి కొనుక్కుని, జోగి అనే పేరు పెట్టింది. అడుక్కునేవాడి పిల్లాడని మృత్యువు పక్క గుమ్మానికి పోతుందని. దొంగ కన్ను పడకుండా ఇత్తడి చెంబుకి మసి పూసినట్టన్నమాట. ఆ మసి పనిచేసింది, పిల్లాడు బతికాడు. బతికి, చదువుకుని, రంగూన్ వచ్చి, హెడ్డు గుమాస్తా అయి, మసి తుడుచుకున్నాడు. జోగి అన్న ముక్క ఈ దేశంలో సూర్యావతికి తప్ప ఎవరికీ తెలీదు. ఎవరికీ చెప్పనని ఆమె ఒట్టు వేసింది. ఒట్టు లేకపోయినా చెప్పేదేం కాదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తరుగుతుందని ఆమెకి ఉగ్గుపాలతో పోశారు.

"సెప్పకపోతే పోనీ," అన్నాడు దేముడు కింద కూర్చునే. "పొడుపుకత లెక్కన సెప్పు. మేం ఇప్పుతాం."

సూర్యావతి ఆలోచించింది. జోగి ఎలా ఉంటాడో చెప్పడం సులువే. కానీ అది మొగుడి పేరు. మొగుణ్ణి పట్టుకుని అడుక్కుంటాడని ఎలా అనడం?

"ఒళ్ళంతా విభూతి రాసుకుంటారు," అంది భక్తిగా.

"ఊఁ."

"మెడలో రుద్రాక్షలుంటాయి. చేతిలో పాత్ర పట్టుకుంటారు. మన గుమ్మం ముందుకి ఆయనే దయచేస్తారు. అందరూ దండం పెడతారు."

"శివుడు!" అంది నరసమ్మ.

మా సెయిన్ ఎస్, ఐ, వి, ఏ తిప్పింది. రాలేదు.

"హర!" అన్నాడు దేముడు. "హరహర అంటారు గదా. నాలుగే."

అదీ రాలేదు.

"నాకు తెలిసిపోయింది," అంది మా సెయిన్ చుట్ట తీసి. "పొంగీ! మా సాములు. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఇంటికొస్తారు, మేం అన్నం పెట్టి దండం పెడతాం. అదే కదా? కానీ దానికి చక్రాలు చాలవే."

"సాములు కారు," అంది సూర్యావతి నీరసంగా. "దేవుడు కూడా కాదు. మరీ అంత పెద్దవారు కాదు. ఇల్లిల్లూ తిరుగుతారు. ఏదిస్తే అది పుచ్చుకుంటారు."

"పనీపాటా ఉండదా?"

"ఉండదు బాబూ."

"పాటలు పాడతాడా?"

"పాడతారు."

"మా బావమరిది ఈరన్న," అన్నాడు దేముడు.

కింద నుంచి బండివాడు మళ్ళీ కేక పెట్టాడు. గుర్రం కూడా ఏదో అంది. దేముడు గోడ పట్టుకుని లేచాడు. "నా వల్ల కాదు. ఓడ ఎల్లిపోద్ది. నాను దిగుతన్నాను, బేగొచ్చీయ్," అని మెట్లు దిగడం మొదలెట్టాడు.

నరసమ్మ సందు దగ్గరికి వచ్చింది. ఒక కన్ను, అర బొట్టు.

"అమ్మీ. నిజం సెప్పు. అది మీ ఆయన పేరేనా?"

సూర్యావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రాజు కాదన్నావు. ఇంకో పేరుందా?"

కొంగు ఇంకాస్త గట్టిగా నొక్కుకుంది.

"ఉందన్నమాట." నరసమ్మ గొంతు తగ్గించింది. "పెళ్ళినాడు గుమ్మంకాడ మీ ఆడబడుసు అడ్డంగా నిలబడి, పేరు సెప్తే గాని లోపలికి రానియ్యను అన్లేదా? అప్పుడు సెప్పేవా లేదా?"

"చెప్పేను."

"మరింకేటి?"

"అది లోపలికి రావడానికప్పా."

ఇదీ నిజమే. మొగుడి పేరు చెప్పి ఇంట్లోకి అడుగు పెట్టే ఆచారం మన పెద్దలు పెట్టారు. చెప్పి బయటికి పోయే ఆచారం మాత్రం ఎక్కడా పెట్టలేదు. పెద్దలన్నాక అన్నీ ఆలోచించే పెడతారు.

"నీ మొగుడి పేరు పలికితే ఏటవుద్ది?" అంది మా సెయిన్ నిజంగానే తెలీక. "మా ఆయన పేరు నేను పొద్దున్న లేస్తే తిట్టుకుంటూ పలుకుతాను. దున్నపోతులా ఉన్నాడు."

"నువ్వుండు," అంది నరసమ్మ. ఆమెకి కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నరసమ్మ అరవదు. అదే భయం. "సూడమ్మీ. నీకు కడుపు పోయినప్పుడు నీ తల నా ఒళ్ళో ఎట్టుకున్నాను. నీ మొగుడు గుమ్మంకాడ గడియ బిగించుకుంటన్నాడు. నాను అడగలేదు నిన్ను ఏటీ. ఇయ్యాల అడిగినాను. ఒక్క మాట."

"అప్పా..."

"నీ మొకం సూసి పోదామని నాలుగు మెట్లు దిగేసి, మళ్ళీ ఎక్కి వొచ్చినాను. ఆ పేరు కన్నా నాను లోకువైపోనాను నీకు."

"అలాగనకప్పా. ఆయనకేమైనా అయితే?"

"ఏటీ అవదు. ఉత్తపుణ్ణాన ఎవలికీ ఏటీ అవదు. అయ్యేదేదో మనకే అవుద్ది." ఆ రెండు వేళ్ళ సందులోంచి నరసమ్మ తన వేలు దూర్చింది. వేలి కొసన కుంకం ఉంది. సూర్యావతి నుదురు ముందుకి పెట్టింది. సందు చాలలేదు. కుంకం ముక్కు మీద పడింది.

"ఎల్లొస్తాను," అంది నరసమ్మ.

కన్ను పోయింది. బొట్టు పోయింది. ముక్కుపుడక రాయి పోయింది. గాజుల చప్పుడు ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ, మలుపు దగ్గర ఆగినట్టై, మళ్ళీ దిగింది.

సందులో ఇప్పుడు ఎదుటి గోడ కనిపిస్తోంది. సున్నం పెచ్చులూడి ఉంది. ఈ గోడ ఇంత దగ్గరగా ఉంటుందని సూర్యావతికి ఇవాళే తెలిసింది. ఇన్నాళ్ళూ మధ్యలో ఎవరో ఉండేవారు.

మా సెయిన్ చుట్ట నేల మీద నలిపింది. "నేను కూడా పోతాను మా సూర్యా. కొట్టు దగ్గర ఎవరూ లేరు."

"మా సెయిన్."

"ఏటి?"

లోపల్నుంచి ఏదో గాలి వచ్చినట్టు వినిపించింది.

"ఏటన్నావు? వినపళ్ళేదు."

మళ్ళీ గాలి. ఈసారి దాంట్లో ఒక అక్షరం ఉంది.

"అమ్మా తల్లీ, నోరు తెరిచి చెప్పు! నేనేం డాక్టర్నా, నీ గుండెకి చెవి పెట్టి వినడానికి?"

"జోగి!" అని అరిచింది సూర్యావతి. ఇంతకాలం దాచినదేమో, ఒక్కసారి బయటికి రాగానే ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. "జోగి! జోగి! మా ఆయన పేరు జోగి!"

రంగూన్ మేడమెట్లు బావిలాంటివి. మాట పడితే అడుగు దాకా పోయి, మళ్ళీ పైకొస్తుంది. రెండో అంతస్తులో ఎవరో గరిట ఆపారు. ఎవరింట్లోనో పిల్లాడు ఏడుపు ఆపాడు.

మా సెయిన్ చక్రం తిప్పుతూ ముఖం చిట్లించింది. "జె లేదు."

"లేదా?"

"మూడో చక్రంలో ఉంది. మొదటి దాంట్లో లేదు. ఎంత వెతికినా లేదు."

సూర్యావతి తలుపుకి ఆనుకుని కూలబడింది. మొగుడి ఆయుష్షు పోయింది, ఒట్టు పోయింది, నరసమ్మ పోయింది. కప్ప మాత్రం అలాగే ఉంది.

"ఇంకోసారి అను," అంది మా సెయిన్ బయట్నుంచి, వింతగా. "నువ్వు అన్నట్టే అను."

"జోగి."

మన జోగిలో జకారం నాలిక కొసన పలుకుతుంది. అది మనకి తెలీదు, పక్కవాళ్ళు చెప్తే తెలుస్తుంది.

"జోజీ!" మా సెయిన్ చప్పట్లు కొట్టింది. "మా జోజీయే కదా! ఎర్రబట్టలు కట్టుకుని, మంత్రదండం పట్టుకుని అడవిలో ఎగురుతాడు. మందులు నూరతాడు, రాయిని బంగారం చేస్తాడు. మా నాటకంలో వాడొస్తే పిల్లలు లేచి నిలబడతారు. ఇంత మంచి పేరు పెట్టుకుని వెంకటరాజు అంటాడేటి మీ ఆయన? దానికి జె కాదు మా సూర్యా, జెడ్!"

జెడ్, ఓ, జీ, ఐ.

టక్కుమంది.

కప్ప ఊడి మా సెయిన్ చేతిలో పడింది. మొదటి చక్రంలో జె లేక వెంకటరాజు కూడా జెడ్‌తోనే సర్దుకున్నాడన్నమాట. తలుపు రెక్కలు రెండూ వెనక్కి పోయాయి. సూర్యావతి ముక్కు మీద కుంకంతో, జారిన కొప్పుతో, చెప్పులు లేకుండా బయటికి వచ్చి, మా సెయిన్ని కూడా సరిగ్గా చూడకుండా మెట్లకి పరుగెత్తింది. వెనకాల ఇల్లు నోరు తెరుచుకుని ఉండిపోయింది. గొలుసూ, గంటా, అడ్డకర్రా, పైగడియా, కిందిగడియా, ఒక్కటీ పనిలో లేవు.

"మా సూర్యా! తలుపు!" అంటోంది మా సెయిన్.

రెండో అంతస్తు దాటింది. ఒకటో అంతస్తుకి దిగే మలుపు దగ్గర ఆగిపోయింది.

మెట్టు మీద వెంకటరాజు కూర్చుని ఉన్నాడు.

కోటూ తలపాగా ఉన్నాయి. ఒళ్ళో కాగితం చుట్టిన పలక ఉంది. కాగితం ఒక మూల చిరిగి, తెల్ల రంగూ నల్లటి ఇంగ్లీషు అక్షరాలూ కనిపిస్తున్నాయి. వీపు ఒక గోడకి, మోకాళ్ళు రెండో గోడకి ఆనించి, మెట్టు మొత్తానికి అడ్డంగా కూర్చున్నాడు. ఎక్కుతూ ఎక్కుతూ ఎవరో పిలిస్తే కూర్చుండిపోయినవాడిలా.

"ఎప్పుడొచ్చేరు?" అంది సూర్యావతి. ఇవాళ శనివారం, సగంపూటే ఆఫీసని ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

"నాలుగు సార్లు అన్నావు," అన్నాడు ఆయన.

ఆమె తల వంచుకుంది.

"నాలుగు సార్లు. సత్యారావు రెండో అంతస్తులోనే ఉంటాడు. నా కింద పనిచేస్తాడు. తెలుసా నీకు?"

తెలియకపోయినా ఇప్పుడు తెలిసేది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే పైన తలుపు తెరుచుకుని సత్యారావు తల బయటికి వచ్చింది. "ఏవండీ రాజుగారూ, ఎవరో జోగి జోగి అని పిలుస్తున్నారు. మన మేడలోకి ఎవరైనా కొత్తగా దిగారా?"

వెంకటరాజు తలపాగా కళ్ళ మీదికి లాక్కున్నాడు. సత్యారావు తల కాసేపుండి, మర్యాదగా లోపలికి పోయింది.

"అది ఏటండీ?" అంది సూర్యావతి పలక చూసి.

"బోర్డు. కుక్క ఉంది జాగ్రత్త, అని."

"కుక్కేదీ?"

"కుక్కని ఉండనివ్వనన్నాడు మేడ ఆసామి. బోర్డుకైతే అభ్యంతరం లేదన్నాడు."

పైన మా సెయిన్, మగవాళ్ళ పేరుకి ముందు మర్యాదగా పెట్టే కో తగిలించి, ఎవరికో చెబుతోంది, "కో జోజీ అంట! మేడ మీద రాజుగారు! నిజంగా!" అని. అవతలి మనిషి ఆశ్చర్యంగా, గౌరవంగా ఏదో అన్నాడు.

కింద దేముడి గొంతు. "ఎక్కవే బేగి! ఎవలి కోసం సూస్తన్నావు?"

"అప్ప వెళ్ళిపోతోంది," అంది సూర్యావతి. "జరగండి."

వెంకటరాజు జరగలేదు. ఆయన కోపంగా లేడు. కోపంగా ఉంటే ఆమెకి ఏం చెయ్యాలో తెలుసు.

"లేవండి. ఒక్కసారి కనబడి వచ్చేస్తాను."

"మా అమ్మ పోయాక," అన్నాడు వెంకటరాజు బోర్డుతో మాట్లాడుతున్నట్టు, "ఆ పేరు ఎవరి నోటా వినలేదు. నేనే విననివ్వలేదు. ఇప్పుడు మెట్లెక్కి వస్తూంటే... ఎవరో నా కోసం వీధిలోకొచ్చి పిలుస్తున్నట్టుంది. అన్నం తినడానికి పిలిచినట్టు."

సూర్యావతి కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఈయన ఆమెతో గడియల సంగతి మాట్లాడాడు, దొంగల సంగతి మాట్లాడాడు. ఇలాంటి మాట ఇదే మొదటిది. రాక రాక వచ్చి, ఇవాళే రావాలా, ఈ మెట్టు మీదే రావాలా?

"ఇంకొక్కసారి అను," అన్నాడు ఆయన చాలా చిన్నగా. "నెమ్మదిగా. ఎవరికీ వినపడకుండా."

వీధిలో కొరడా చప్పుడైంది. గుర్రం డెక్కలు ఒకసారి రాతి మీద మోగాయి. నరసమ్మ "ఆగు బాబూ, కుసింత ఆగు" అనడం వినిపించింది. బండివాడు ఎంతసేపని ఆగుతాడు?

సూర్యావతి పక్కనించి పోదామని చూసింది. పక్కన్నది లేదు. ఇటు గోడ, అటు గోడ, మధ్యన మొగుడు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి కుడికాలు లేపింది.

పాఠకమహాశయులారా, ఇక్కడిదాకా నేనే తీసుకొచ్చాను గాని, ఇక్కణ్ణుంచి నాకు దారి తోచడం లేదు. కూర్చున్న మనిషిని దాటకూడదంటారు. అందులో మొగుణ్ణి. అందులోనూ, ఇందాకే ఆయుష్షు తరుగు పట్టిన మొగుణ్ణి. దాటకుండా పక్కన కూర్చుని ఆయన అడిగిన మాట అందామా అంటే, ఆ ఒక్క ముఖం మళ్ళీ ఈ జన్మలో కనిపించేది కాదు. లేచి దారివ్వమని ఆయన్ని మరోసారి అడుగుదామంటే, ఆ గొంతుతో అంత మాట అన్నవాణ్ణి లెమ్మనడం ఎలా? మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటారు, అక్కాచెల్లెళ్ళుంటారు, దండం పెడతాను, అడిగి చెప్పండి. ఆ కాలు ఎక్కడ పెట్టించమంటారు? కాస్త బేగి చెప్పండి బాబూ. మెట్టు ఇరుకు, పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు, పాపం ఆవిడ ఎంతసేపని అలా ఒంటికాలి మీద నిలబడుతుంది?